పూతకొచ్చిన వెదురు

వెదురు పూసింది.

ఈరన్న చేతిలో నీళ్ళ ముంత ఎత్తింది ఎత్తినట్టే ఆగిపోయింది. పొద్దు అప్పుడే పొడుస్తున్నది. నల్లగవిని కోట మీద మంచు ఇంకా విడలేదు. పెరటి నడుమ ఉన్న ముసలి వెదురు పొదలో, తలకు రెండు మూరల ఎత్తున, ఒక కణుపు దగ్గర వరి వెన్నులాంటిది వేలాడుతున్నది. పచ్చగా లేదు, తెల్లగా లేదు. పాత తాటాకు రంగు. గాలి లేకపోయినా అది కదులుతున్నది.

వెదురు పూత ఈరన్న ఎన్నడూ చూడలేదు. అతని తండ్రీ చూడలేదు. తాత చిన్నప్పుడు ఒకసారి చూశాడట, ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు. మనిషి బతుకంత కాలంలో వెదురు ఒక్కసారే పూస్తుంది. పూత కనిపించిన ఏడో రోజుకు గింజ రాలుతుంది. గింజ రాలాక పొదలో పచ్చి బొంగు అనేది మిగలదు. ఒక తల్లి నుంచి తీసి నాటిన పిలకలు ఏ దేశంలో ఉన్నా, ఎవరి పెరట్లో ఉన్నా, అన్నీ అదే వారంలో పూసి అదే వారంలో చస్తాయి. ఎంత దూరం తీసుకుపోయినా పిలకకు తల్లి వయసే.

ఆ పొదలో నలభై బొంగులున్నాయి. నలభై బొంగుల్లో నలభై మంది మనుషులున్నారు. అందులో ఒకరు ఈరన్న అక్క నాంచారి.

ఆ కోట ధూమకేశుడనే మాంత్రికుడిది. మోకాళ్ళ దాకా పొగ రంగు జుట్టు వేలాడేసుకుని తిరిగేవాడు. మూడు నెలల కింద, దూరదేశాలకు మొక్కలు పంపడానికి బుట్టలు అల్లాలని కేతకీపురం రాజ్యం నుంచి మేదరివాళ్ళను పిలిపించాడు. పోయినవాళ్ళు తిరిగి రాలేదు. వాళ్ళలో నాంచారి ఒకతె. తల్లి పోయిన నాటి నుంచి ఈరన్నకు అన్నం పెట్టి పెంచింది ఆమే. అక్క కోసం అతను బోడిగడ్డానికి మేక వెంట్రుకల గడ్డం అతికించుకుని, హిమవాడ అనే మంచుదేశం నుంచి వచ్చిన తోటమాలినని చెప్పి, కోటలో పనికి కుదిరాడు. ఇది తొమ్మిదో రోజు.

అటూ ఇటూ చూసి, పొద మొదట్లోని రాయి ఎక్కి ఆ వెన్ను తుంచి మొలలో దోపుకున్నాడు. ఇంకొకటి కనిపించింది. అదీ తుంచాడు. తల ఎత్తి చూస్తే పైన, చెయ్యి అందని చోట, మంచులో ఇంకా నాలుగు ఊగుతున్నాయి.

ఆ పెరడు చూసినవాళ్ళు మొదట అబ్బురపడేవాళ్ళు, తర్వాత భయపడేవాళ్ళు. ఏడు సముద్రాల అవతలి మొక్కలు అక్కడ ఉన్నాయి. మంచుకు చావకుండా మెడ దాకా గడ్డి చుట్టిన అరటి, కంబళి కప్పుకున్న ముసలివాళ్ళలా వరసగా నిలబడి ఉంది. నిలువెత్తు కిత్తనార కత్తుల్లాంటి ఆకులు చాచి కాపలా కాస్తున్నది. ఏదో దీవి నుంచి తెచ్చిన పాముతీగకు పగడాల్లాంటి పూలు, ఒక్కో పూవులో ఒక్కో ఈగ ఇంకా బతికే గింజుకుంటున్నది. ఎడారి జెముళ్ళు కుండీల్లో బుడ్డల్లా, చేతుల్లా, తలకాయల్లా ఉన్నాయి. చుట్టూ మూడు నిలువుల గోడ. గోడ మొదట్లో లోపలి వైపు, రెండు బారల వెడల్పు, నిలువెత్తు లోతు కందకం. వెదురు వేరు గోడ దాటకుండా ఆ కందకానికి అడుగు నుంచి అంచు దాకా రాగిరేకులు తాపించారు. బయటికి పోవాలంటే ఒకే గవిని, గవిని ముందు కందకం మీద గొలుసు కట్టిన ఒకే బల్ల.

ఈరన్న జెముళ్ళ దగ్గరికి వచ్చి ముంత వంచబోయాడు.

"నాకు పొయ్యబాకరా అబ్బీ. పోయిన వారం పోసిందే ఇంకా కాళ్ళలో ఉంది" అన్నది కుండీలోని జెముడు.

ఆ జెముడు పేరు పుల్లయ్య. ఆరేళ్ళ కింద ఇక్కడ తోటమాలి. చలికాలంలో ఒక్కరోజు అరటికి గడ్డి చుట్టడం మరిచాడు. అరటి చచ్చింది. ధూమకేశుడు పుల్లయ్యను కుండీలో నాటాడు. ఎవరి చేతిలో మొక్క చస్తే వాళ్ళే దాని చోటికి రావాలనేది ఆ ఇంటి కట్టడి.

"తాతా, వెదురు పూసింది" అన్నాడు ఈరన్న, పెదాలు కదపకుండా.

జెముడు ముళ్ళు నిక్కపొడుచుకున్నాయి.

"వాడు చూశాడా?"

"లేదు. చూసినా పూత అని తెలియదు. వాడికి మంత్రం తెలుసు గానీ చెట్టు తెలియదు."

"తెలిసుంటే అన్ని పిలకలూ ఒక్క తల్లి నుంచే తీసేవాడా? వాడి పానం ఆ పొదలో ఉంది. పొద ఒక్కచోటే ఉంటే ఎవడైనా నరికిపోతాడని, ఏడు రాజ్యాల్లో రాజుల పెరళ్ళకు పిలకలు కానుక పంపాడు. రాణులు అందంగా ఉందని నాటుకున్నారు. ఎక్కడ ఆ వేరు పాతుకుంటే అక్కడికి వాడు అడుగు పెట్టగలడు, పాతుకోని చోటికి పోలేడు. ఇప్పుడు ఏడు చోట్లా పూస్తుందంటావు."

"పూస్తుంది. ఆరు రోజులు. ఏడో రోజున వాడూ ఉండడు, పొదా ఉండదు."

"పొదలో ఉన్నోళ్ళు?"

ఈరన్న పొద తూర్పు అంచు వైపు చూశాడు. కోటకు వచ్చిన నాటి నుంచి అతనికి నిద్ర లేకుండా చేసింది వాళ్ళ సంగతే.

"దుంపతో సహా తియ్యాల" అన్నాడు పుల్లయ్య, గొంతు బాగా తగ్గించి. "బొంగు నరికితే మనిషిని నరికినట్టే. దుంప చెడకుండా తీసి, గోడ బయటి మన్నులో నిలబెడితే మళ్ళీ మనిషవుతారు. లోపలి మన్నులోనే వాడి మాట చెల్లేది. అయినా ఆ పొద మీద గునపం వేస్తే వాడు ఊరుకుంటాడా? నీ కోసం నా పక్కన కుండీ ఖాళీగా ఉంది చూడు. మంచి ఎండ పడే చోటు."

ఈరన్న నీళ్ళు పోసే నెపంతో పొద దగ్గరికి పోయాడు. తూర్పు అంచున, లేత మచ్చలున్న బొంగు దగ్గర కూచుని వేలి కణుపుతో తట్టాడు. రెండు దెబ్బలు, ఆగి ఒకటి. తడిక అల్లేటప్పుడు బద్ద కూరడానికి వాళ్ళింట్లో కత్తి మడమతో కొట్టే లెక్క అది. వేరే ఇళ్ళలో మూడు కలిపి కొడతారు. మూడో రోజున ఈ లెక్కతోనే అతను అక్కను పోల్చుకున్నాడు.

బొంగు లోపలి నుంచి రెండు దెబ్బలు వినిపించాయి. ఈరన్న చెవి ఆనించి ఎదురు చూశాడు. ఆగి కొట్టే ఆ ఒక్క దెబ్బ చాలాసేపటికి గానీ రాలేదు. వచ్చింది కూడా గోటితో గీరినట్టు వచ్చింది.

నిన్న అంత నీరసం లేదు. పూత సారమంతా లాగేస్తున్నది.

సరిగ్గా మిట్టమధ్యాహ్నం ధూమకేశుడు పెరట్లోకి వచ్చాడు. రోజూ అదే వేళ. అతను నడుస్తుంటే ఆకులు పక్కకు ఒత్తిగిలేవి. ఆవేళ చేతి వేళ్ళతో తల గోక్కుంటూ వచ్చాడు. పొగ రంగు జుట్టు పాయలు పాయలుగా రాలి భుజాల మీద పడి ఉంది. రాలిన వెంట్రుకలు పండుటాకు రంగుకు తిరిగి ఉన్నాయి.

"ఏమోయ్ హిమవాడ మాలీ. పొద రంగు మారినట్టుందే."

"మంచుకు స్వామీ. మా దేశంలో ఈ కాలంలో అంతే."

"మీ దేశంలో ఎలుకలు కూడా ఇంతేనా?"

ఈరన్న తిరిగి చూశాడు. పట్టపగలు, నడి ఎండలో, గోడ మీదా కందకం అంచునా ఎలుకలు కూచుని ఉన్నాయి. వందలు. కిచకిచ లేదు, కదలిక లేదు. అన్నీ ముందుకాళ్ళు దగ్గరగా పెట్టుకుని, విందుకు పిలిచినవాళ్ళలా, పొద వైపే చూస్తున్నాయి. వెదురు గింజ వాటికి ఎంత దూరం నుంచైనా వాసన తెలుస్తుంది. ఈరన్న మొలలో దోపుకున్న వెన్నులు ఒంటికి కాల్చినట్టు తగిలాయి.

"గుబురు బిగిసింది స్వామీ. వేరుకు చోటు చాలక లోపల కుళ్ళు పుడుతున్నది. ఆ వాసనకు వచ్చాయి. ఒక్క పిలక తీసి బయట నాటితే పొద ఊపిరి తీసుకుంటుంది. లేదంటే..."

"లేదంటే?"

"నా కుండీ నాకు సిద్ధంగానే ఉంది కదా స్వామీ."

ధూమకేశుడు నవ్వాడు. నవ్వుతుంటే ఇంకో పాయ రాలింది. దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, గాలికి వదిలేశాడు.

"భయం ఉన్నవాడే బాగా పని చేస్తాడు. సరే, తియ్యి. నాకూ ఎనిమిదో చోటు ఒకటి కావలసి ఉంది. కేతకీపురం రాణికి విదేశీ మొక్కలంటే మోజట. ఆవిడ పెరటికి పంపుదాం. నేను చూస్తుండగా తవ్వు."

పులితోలు పరిపించుకుని పది అడుగుల దూరంలో కూచున్నాడు.

ఈరన్న గునపం తెచ్చాడు. ఏ బొంగు తియ్యాలో వెతుకుతున్నట్టు పొద చుట్టూ ఒకసారి తిరిగి, తూర్పు అంచున ఆగాడు. వెదురు తవ్వడం ఈడ్చి పీకే పని కాదు. జానెడు దూరం నుంచి మన్ను గుల్ల చేసుకుంటూ రావాలి. లేత వేళ్ళు తెగకూడదు, దుంప మీది మొగ్గలు రాలకూడదు. తల్లి దుంపకూ పిల్ల దుంపకూ నడుమ మెడ ఉంటుంది, బొటనవేలంత. ఆ మెడ ఒక్కటే తెగాలి. రెండో దెబ్బ పడితే దుంప చీలుతుంది. దుంప చీలితే నాంచారి చీలుతుంది.

చెమట కళ్ళలోకి కారుతున్నది. అతికించిన గడ్డం కింద దురద. వెనక నుంచి ధూమకేశుడు తల గీరుకునే చప్పుడు, గోడ మీద ఎలుకల ఊపిరి. అతను మోకాళ్ళ లోతు తవ్వేసరికి మెడ కనిపించింది, తెల్లగా, పసిబిడ్డ మణికట్టులా. గునపం పక్కన పెట్టి కత్తి అందుకున్నాడు.

అందుకుని, ఏం చేస్తున్నాడో తెలియకుండానే, ఎడమ చేత్తో బొంగును తాకి ఆ చెయ్యి కళ్ళకు అద్దుకున్నాడు.

వెనక గీరుకునే చప్పుడు ఆగిపోయింది.

"మళ్ళీ పెట్టు" అన్నాడు ధూమకేశుడు.

"ఏమిటి స్వామీ?"

"దణ్ణం."

అది ఈరన్నకు ఏడేళ్ళ వయసులో తాత నేర్పిన అలవాటు. పొట్ట కోసం కోస్తున్నాను తల్లీ అని మనసులో అనుకుని గానీ మేదరివాడు వెదురు మీద కత్తి పెట్టడు. చెయ్యి దానంతట అదే లేచింది.

"తోటమాలి చెట్టుకు నీళ్ళు పోస్తాడు, ఎరువు వేస్తాడు. పుయ్యకపోతే తిడతాడు కూడా. కొయ్యబోయే ముందు వెదురుకు మొక్కేవాడు భూమ్మీద ఒక్కడే. అలాంటివాళ్ళు పద్నాలుగు మంది నీ ఎదురుగా ఉన్న పొదలోనే ఉన్నారు." పులితోలు మీద నుంచి లేచాడు. ఎక్కడా తొందర లేదు. "గడ్డం తియ్యి మేదరోడా. నీ ముఖం చూసి నాటుతాను."

ఈరన్న కత్తి ఎత్తి ఒక్క వేటు వేశాడు. మెడ పుటుక్కున తెగింది. పొదలో నలభై బొంగులూ ఒక్కసారి మూలిగాయి. బొంగు నిలువునా పైకెత్తి భుజాన వేసుకుని పరుగు పెట్టాడు.

"పట్టుకోండి" అన్నాడు ధూమకేశుడు, అరవకుండానే.

పెరడంతా కదిలింది. పాముతీగ నేల మీదుగా సరసర వచ్చి చీలమండ చుట్టింది. ఈరన్న కత్తితో కోశాడు, కోసిన తీగ నుంచి నెత్తురు చిమ్మింది. కిత్తనార ఆకులు దూశాయి, వీపు మీద చొక్కా నిలువునా చిరిగింది. గడ్డి చుట్టుకున్న అరటులు దారికి అడ్డంగా వంగాయి. అతను పాకి దూరాడు. బొంగు చివర దేనికో తగిలిన ప్రతిసారీ దాన్ని ఒంటికి అదుముకున్నాడు. వెనక అడుగుల చప్పుడు దగ్గరయింది. మెడ మీద చల్లని వేళ్ళ గాలి తగిలింది.

అప్పుడు కుండీ దొర్లిన చప్పుడు వినిపించింది.

"ఆరేళ్ళ నుంచి ఒకేచోట కూచుంటే నడుం పట్టేసింది సామీ, కాస్త దొర్లుతా" అన్నాడు పుల్లయ్య. దొర్లుకుంటూ వచ్చి మాంత్రికుడి కాళ్ళ కిందికే వచ్చాడు. కుండీ పగిలింది. వేలెడు ముళ్ళు అరికాళ్ళలో దిగబడ్డాయి. ధూమకేశుడు మోకాళ్ళ మీద పడి, మొదటిసారి బిగ్గరగా ఏదో అన్నాడు. ఆ మాటకు గవిని ముందున్న బల్ల గొలుసు చుట్టుకుని గాలిలోకి లేచిపోయింది.

ఈరన్న ఎదుట కందకం, రెండు బారలు. రాగిరేకులు ఎండకు నిప్పుల్లా మెరుస్తున్నాయి. అవతల తెరిచి ఉన్న గవిని, గవిని అవతల కేతకీపురం పొలిమేర, ఎర్రమట్టి.

దూకితే అందదు. ఆగితే కుండీ.

"అక్కా, ఓర్చుకో" అన్నాడు. కత్తి మొలలో దోపి, పరుగు ఆపకుండా బొంగు దుంపను కందకం అడుగున మోపి, పైకొస పట్టుకుని ఎగిరాడు. బొంగు విల్లులా వంగింది. ఆకాశం తలకిందులయింది. ఎక్కడో ఒక కణుపు చిట్లిన చప్పుడు, ఎముక విరిగినట్టే. మరుక్షణం ఎర్రమట్టి మీద బోర్లా పడి ఉన్నాడు. చేతుల్లో బొంగు ఉంది. దుంప ఉంది. దుంప చీలలేదు.

తిరిగి చూశాడు. ధూమకేశుడు కుంటుతూ కందకం అంచు దాకా వచ్చి ఆగిపోయాడు. అడుగు ముందుకు వెయ్యలేదు.

ఈరన్న చేతులతోనే మన్ను గీకడం మొదలుపెట్టాడు. గోళ్ళు ఊడుతున్నా చూసుకోలేదు. జానెడు గుంట. ఇంకో బెత్తెడు. దుంప తెగిన చోట తెల్లదనం పోయి గోధుమ రంగు తిరుగుతున్నది. బొంగు మీద తట్టాడు. రెండు, ఆగి ఒకటి.

జవాబు లేదు.

"నాటు" అన్నాడు ధూమకేశుడు.

ఆ గొంతులో కోపం లేదు. అది విని ఈరన్న చేతులు ఆగాయి.

"నాటు నాయనా. ఎవరి మాట వినకు. మూడు నెలల నుంచి కేతకీపురానికి ఒక వేరు ఎలా పంపాలా అని చూస్తున్నాను. రాణిగారి మెత్తని చేతుల కన్నా నీ చేతులే నయం. లోతుగా నాటు."

ఈరన్నకు అప్పుడు పుల్లయ్య మాట గుర్తొచ్చింది. ఎక్కడ ఆ వేరు పాతుకుంటే అక్కడికి వాడు అడుగు పెట్టగలడు. కాలి కింద ఎర్రమట్టి, కేతకీపురం మన్ను. వెనక మూడు కోసుల దూరంలో తన వాడ, వాడలో గుడిసెలు, గుడిసెల ముందు బుట్టలల్లుకుంటున్న జనం. దుంప గుంటలో దిగిన క్షణాన వాడు కందకం దాటుతాడు. దించకపోతే అక్క చేతిలోనే ఎండిపోతుంది.

దుంప ఇంకో వేలెడు మేర ముదురు రంగుకు తిరిగింది.

ఈరన్న తల ఎత్తి మాంత్రికుడి వైపు చూశాడు. ధూమకేశుడి తల మీద జుట్టు రాలిన చోట ఏదో వేలాడుతున్నది. పచ్చగా లేదు, తెల్లగా లేదు. పాత తాటాకు రంగు. వరి వెన్నులాగే ఉంది. గాలి లేకపోయినా కదులుతున్నది. అతను దాన్ని గోటితో గీరుకుని, వేళ్ళు చూసుకుని, పట్టించుకోకుండా దులుపుకున్నాడు.

అది పూత అని వాడికి తెలియదు. ఇంకా తెలియదు.

ఈరన్న దుంప గుంటలో దించి, మన్ను పూడ్చి, మడమతో తొక్కాడు.

నేల వణికింది. దుంప మన్నులోనే పాతుకుని, బొంగు నిలువునా విచ్చుకున్నది. కణుపు కణుపుకూ ఒక ఊపిరి వదిలినట్టు చప్పుడయింది. మట్టి కొట్టుకున్న ఒక చెయ్యి బయటికి వచ్చి ఈరన్న గడ్డం పట్టుకుంది. గడ్డం ఊడి ఆ చేతికే వచ్చింది.

"ఇదేం వేషంరా ఈరిగా, మేకలా ఉన్నావు" అన్నది నాంచారి. ఎడమ చెయ్యి ఆమెకు మోచేతి కింద వేలాడుతున్నది. దాని వంక ఒకసారి చూసుకుని పైటకొంగు చింపి కట్టుకుంది. తర్వాత తల తిప్పి గోడ మీద బారులు తీరిన ఎలుకల్ని చూసింది.

"పూసిందా?"

"పూసింది."

"ఎన్నో రోజు?"

"ఇవాళ మొదటిది."

"అయితే ఆరు రోజులుంది. లోపల ఇంకా ముప్పై తొమ్మిది మంది ఉన్నారు. నా పక్క బొంగులో ఉన్న ముసలామె పొద్దున్నుంచి తట్టడం మానేసింది."

గొలుసు కిర్రుమన్నది. బల్ల నెమ్మదిగా కిందికి దిగి కందకం మీద పరుచుకుంది. ధూమకేశుడు అరికాలిలో ముల్లు పీకి పారేసి, బల్ల దాటి, ఒక కాలు కేతకీపురం మన్ను మీద మోపాడు. ఏదీ కాలిపోలేదు. రెండో కాలూ మోపాడు. ముఖమంతా నవ్వు పరుచుకుంది. ఎన్నాళ్ళ నుంచో మూసి ఉన్న తలుపు తెరుచుకున్నట్టు మేదరివాడ వైపు చూశాడు.

"మీ ఇద్దరి సంగతి తిరిగొచ్చాక చూస్తాను. ముందు మీ వాడ" అన్నాడు.

అతను కదలగానే తల నుంచి ఏదో రాలి ఎర్రమట్టి మీద పడింది. చిన్న గింజ. వడ్ల గింజంత. ఏడో రోజు దాకా ఆగలేదు.

గోడ మీది ఎలుకలు వందలూ ఒకేసారి పొద వైపు నుంచి తలలు తిప్పాయి. అన్నీ కలిసి అతని జుట్టు వైపు చూశాయి.

ఈరన్న ఎదుట కేతకీపురం దారి, దాని మీద కుంటుతూ పోతున్న ధూమకేశుడు. వెనక దించిన బల్ల, బల్ల అవతల తీగలు మెలికలు తిరుగుతున్న పెరడు, పగిలిన కుండీ పక్కన ముళ్ళు వాడిపోతున్న పుల్లయ్య.

నాంచారి కుడిచేత్తో తమ్ముడి మొలలోని కత్తి లాక్కుంది.

"గునపం ఎక్కడ పారేశావు?"

"పొద దగ్గర."

"వాడి సంగతి ఎలుకలు చూసుకుంటాయి, పద మరి."

ఇద్దరూ బల్ల ఎక్కి కోటలోకి పరుగెత్తారు.